హెడ్‌ఫోన్‌కు విడి వైరు: ఇంట్లో సాకెట్ అమర్చుకునే మరమ్మతు

కొన్ని హెడ్‌ఫోన్లకు వైరు శాశ్వతంగా అతికే వస్తుంది. ఆ వైరును తీసేసి, చెవి కప్పులో ఒక చిన్న సాకెట్ బిగించి, కావలసినప్పుడు గుచ్చుకుని అక్కర్లేనప్పుడు పీకేసుకునే వైరు వాడుకునేలా మార్చడమే ఈ మరమ్మతు. తెగిన వైరు చోట కొత్త వైరు అతికించడం కన్నా ఇది కాస్త ఎక్కువ పని. కాకపోతే ఒక్కసారి చేస్తే చాలు, ఆ తర్వాత ఎన్నిసార్లు వైరు పాడైనా కప్పు విప్పే అవసరం రాదు. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, చిన్న డ్రిల్లు ఉన్న ఇంట్లో ఒక పూటలో అయిపోతుంది. అయస్కాంతం, తీగచుట్ట, పల్చటి పొర కలిసి ధ్వని పుట్టించే డైనమిక్ రకం హెడ్‌ఫోన్లకే ఈ వ్యాసంలోని విషయాలు వర్తిస్తాయి.

హెడ్‌ఫోన్‌లో ధ్వని పుట్టించే డ్రైవర్ మొండి ఘటం. కింద పడేయకుండా, మరీ పెద్ద శబ్దంతో హింసించకుండా వాడుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ముందుగా చెడేవి చెవి మెత్తలు, వైరు. మెత్తలు పొట్టు రాలితే మార్చుకోవాలని అందరికీ తెలుసు, తయారీదారులు కూడా వాటిని ఊడి వచ్చేలాగే చేస్తారు. వైరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా కంపెనీలు దాన్ని డ్రైవర్‌తో సమానమైన శాశ్వత భాగంగా చూశాయి. హవాయి చెప్పు పట్టీ తెగితే పట్టీ మార్చుకుంటాం గానీ చెప్పులు పారేయం. వేల రూపాయలు పోసి కొన్న హెడ్‌ఫోన్ మాత్రం అరచెయ్యంత వైరు ముక్క కోసం అటక ఎక్కుతుంది.

వైరు తెగే తీరు

హెడ్‌ఫోన్ వైరులో ఉండేవి వెంట్రుకల్లాంటి రాగి పోగులు. వంగే గుణం కోసం వాటిని ఒక నూలు లేదా నైలాన్ దారంతో కలిపి పేనుతారు. చాలా వైర్లలో ఒక్కో పోగుకూ ఎనామిల్ పూత ఉంటుంది. పోగులకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు కనిపించేది అందుకే. ఇవి లాగితే తెగేవి కావు, పదేపదే వంగి తెగుతాయి. గట్టిగా ఉండే భాగం ముగిసి మెత్తటి వైరు మొదలయ్యే చోట వంపు అంతా ఒకే బిందువు మీద పడుతుంది. అలాంటి చోట్లు రెండే: ప్లగ్గు మెడ, కప్పులోకి వైరు దూరే చోటు. వైరు నడిమధ్యలో తెగడం అరుదు. కుర్చీ చక్రం ఎక్కినా, ఎలుక కొరికినా తప్ప అలా జరగదు.

తెగిన తీగ ఏదో చెవితోనే పట్టుకోవచ్చు. ఎడమ తీగ పోతే ఎడమ చెవి, కుడి తీగ పోతే కుడి చెవి మూగబోతుంది. చిత్రమంతా ఉమ్మడి తీగ, అంటే గ్రౌండ్ తెగినప్పుడు కనిపిస్తుంది. అప్పుడు రెండు డ్రైవర్లూ ఒకే వరుసలోకి వచ్చేస్తాయి, ఎడమ కుడి ఛానళ్ల మధ్య తేడా మాత్రమే వాటికి అందుతుంది. స్టీరియో పాట పెడితే గాయకుడి గొంతు, బేస్ మాయమై, పక్కనున్న వయొలిన్లూ కోరస్సూ ప్రతిధ్వనీ డొల్లగా వినిపిస్తాయి. గొంతును సాధారణంగా రెండు ఛానళ్లలోనూ సమానంగా మిక్స్ చేస్తారు కనుక తేడాలో అది కొట్టుకుపోతుంది. 1950ల, 60ల నాటి మోనో పాట పెడితే రెండు వైపులా ఒకటే ధ్వని, తేడా సున్నా, ఇక వినిపించేది దాదాపు ఏమీ ఉండదు. ఫోన్ పాడైందనో, పాట ఫైలు చెడిపోయిందనో జనం అనుకునే సందర్భాల్లో కొన్ని ఇవే.

ప్లగ్గు మెడ దగ్గర తెగితే వైరును రెండు మూడు అంగుళాలు కోసి కొత్త ప్లగ్గు వేసుకోవచ్చు, సాకెట్ జోలికి పోనక్కర్లేదు. కప్పు దగ్గర తెగినప్పుడు ఎలాగూ కప్పు విప్పాలి. ఆ విప్పడమేదో సాకెట్ కోసం విప్పితే మంచిది.

కంపెనీల దారి

గుచ్చి పీకే వైరు కొత్త ఆలోచన కాదు. 6.35 మి.మీ. ప్లగ్గు 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల స్విచ్‌బోర్డుల్లో పుట్టింది. ఆపరేటర్లు రోజంతా గుచ్చుతూ పీకుతూ ఉండడానికే దాన్ని చేశారు. జర్మనీ కంపెనీ సెన్‌హైజర్ 1968లో తెచ్చిన హెచ్‌డీ 414 మొదటి ఓపెన్ రకం హెడ్‌ఫోన్‌గా పేరు పొందింది, దాని వైరు ఊడి వచ్చేదే. అదే కంపెనీ 1988లో విడుదల చేసిన హెచ్‌డీ 25లో వైరే కాదు, దాదాపు ప్రతి భాగమూ విడిగా మార్చుకోవచ్చు. డీజేలు, టీవీ కెమెరా బృందాలు దాన్ని ఇప్పటికీ వదలకపోవడానికి అదొక ముఖ్య కారణం.

మిగతా కంపెనీలు ఆలస్యంగా దారికొచ్చాయి. జపాన్‌కు చెందిన ఆడియో-టెక్నికా తన ఏటీహెచ్-ఎం50ని ముందు అతికిన వైరుతోనే అమ్మింది. 2014లో వచ్చిన ఎం50ఎక్స్‌లో 2.5 మి.మీ. తిప్పి బిగించే సాకెట్ పెట్టింది. బయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో దశాబ్దాల పాటు అతికిన వైరుతో వచ్చింది, 2024లో వచ్చిన ప్రో ఎక్స్ రకంలో మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ చేరింది. ఇళ్లలో వాడకందార్లు ఏళ్ల తరబడి స్వయంగా చేసుకున్న మార్పునే చివరికి ఫ్యాక్టరీ కూడా చేసింది. ఖర్చు కారణంగా ఇన్నాళ్లు ఆగారనుకోవడం కష్టం, సాకెట్ అంత ఖరీదైన వస్తువేమీ కాదు.

1991 నుంచి స్టూడియోల్లో, సినిమా షూటింగుల సౌండ్ బృందాల్లో పాతుకుపోయిన సోనీ ఎండీఆర్-7506 మాత్రం ఎడమ కప్పు నుంచి వేలాడే చుట్టల వైరుతోనే వస్తోంది. ఇంట్లో సాకెట్ పెట్టించుకునే హెడ్‌ఫోన్లలో దీనిది ముందు వరస. చాలామంది వైరు తెగకముందే ఆ పని చేస్తారు, ఆ చుట్టల వైరు బరువు మెడకు తెలుస్తుంది మరి.

ఏ సాకెట్

ఎక్కువమంది ఎంచుకునేది 3.5 మి.మీ. స్టీరియో సాకెట్. వైరు ఎక్కడైనా దొరుకుతుంది, కారు స్టీరియోలకు వాడే, రెండు కొనలా ఒకే రకం ప్లగ్గున్న వైరు ఇంట్లోనే పడి ఉంటుంది. లోపాలూ లేకపోలేదు. లాగితే ఊడుతుంది, కొన్నాళ్లకు స్ప్రింగు వదులై కరకర మొదలవుతుంది. ఊడి రావడం నిజానికి కొంత మేలే. కాలు తగిలి వైరు లాగినప్పుడు హెడ్‌ఫోన్ బల్ల మీంచి కింద పడకుండా వైరు మాత్రమే వస్తుంది. చోటు మరీ ఇరుకైతే 2.5 మి.మీ. సాకెట్ పెడతారు. అయితే ఆ ప్లగ్గు సన్నగా ఉండి పక్కకు లాగితే విరిగి కొస లోపలే ఉండిపోయే ప్రమాదముంది. తప్పనిసరైతేనే దాని జోలికి పోవాలి.

దృఢత్వం కావాలంటే మినీ ఎక్స్‌ఎల్‌ఆర్. ఏకేజీ కె240, కె702 హెడ్‌ఫోన్లలో ఉండేది 3 పిన్నుల రకం. క్లిక్కుమని తాళం పడుతుంది, తనంతట తాను ఊడదు, పిన్నులు ఒకదానికొకటి తగలవు. 3.5 మి.మీ. ప్లగ్గు దూరేటప్పుడు దాని పట్టీలు తప్పుడు స్పర్శల మీదుగా జారి క్షణకాలం షార్టవుతాయి, ఇందులో ఆ బెడద లేదు. కానీ రంధ్రం 10 మి.మీ. దాకా కావాలి. పాత పెద్ద స్టూడియో హెడ్‌ఫోన్ల కప్పుల్లోనే దానికి చోటుంటుంది. ఇయర్‌ఫోన్లలో వాడే ఎంఎంసీఎక్స్, 0.78 మి.మీ. రెండు పిన్నుల రకాలు పెద్ద హెడ్‌ఫోన్‌కు తగినవి కావు. ఎంఎంసీఎక్స్‌ను మాటిమాటికీ ఊడదీసి పెట్టడానికి చెయ్యలేదు, సుమారు 500 సార్లకే దాని హామీ.

యూఎస్‌బీ-సి సాకెట్ పెట్టేస్తే పోతుంది కదా అని కొందరు అడుగుతారు. కుదరదు. ఫోన్ అందులోంచి పంపేది మామూలుగా డిజిటల్ సంకేతం, దాన్ని ధ్వనిగా మార్చే చిప్పు కప్పులో ఉండాలి. అది మరమ్మతు కాదు, కొత్త నిర్మాణం.

వైరు ఒక కప్పుకే వస్తోందా, రెండింటికీ వస్తోందా అన్నది కూడా ముందే చూసుకోవాలి. ఒకే వైపు వచ్చే రకంలో కుడి డ్రైవర్‌కు తీగలు తలపట్టీ గుండా వెళ్తాయి. ఒక్క స్టీరియో సాకెట్ చాలు. రెండు వైపులా వచ్చే రకంలో కప్పుకొకటి చొప్పున రెండు మోనో సాకెట్లు పెట్టి, ఇంగ్లీషు వై ఆకారపు వైరు వాడాలి. మెజే 99 క్లాసిక్స్ ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది కనుక దానికి సరిపడే వైర్లు బజారులో దొరుకుతాయి.

విప్పడం నుంచి బిగించడం దాకా

మొదట మల్టీమీటర్. వైరు ఉన్నప్పుడే ప్లగ్గు కొస, గట్టు మధ్య నిరోధం చూడాలి. కొస ఎడమ ఛానల్, మధ్య పట్టీ కుడి, గట్టు గ్రౌండ్. 63 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే దానికి దగ్గరగా ఒక అంకె రావాలి. మీటరు తగిలించినప్పుడు చెవిలో చిన్న చిటపట వినిపిస్తే డ్రైవర్ బతికే ఉన్నట్టు. ఏమీ రాకపోతే కప్పు విప్పి, డ్రైవర్ కాళ్ల దగ్గరే మళ్లీ చూడాలి. అక్కడా రాకపోతే డ్రైవర్ తీగచుట్టే (వాయిస్ కాయిల్) తెగింది, సాకెట్‌తో ప్రయోజనం లేదు. ఈ పరీక్ష దాటవేసి రంధ్రాలు చేశాక డ్రైవర్ చచ్చిందని తెలుసుకునేవాళ్లు ఎక్కువ.

స్క్రూలు సాధారణంగా చెవి మెత్త కింద దాక్కుని ఉంటాయి. మెత్త అంచును గాడిలోంచి చుట్టూ నెమ్మదిగా లాగితే వచ్చేస్తుంది. కప్పు తెరిచాక తీగలను ఫోటో తీసి పెట్టుకోవాలి. రంగుల మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఎరుపు కుడికి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమకు, రాగి రంగు గ్రౌండ్‌కు అన్నది వాడుకే గానీ నియమం కాదు. కంపెనీ కంపెనీకీ మారుతుంది. కప్పు లోపల వైరుకు ఒక ముడి గానీ, బిగించిన మెటల్ పట్టీ గానీ కనిపిస్తుంది. వైరు లాగినప్పుడు ఆ బలం టంకం మీద పడకుండా ఆపేది అదే.

రంధ్రం చేసేటప్పుడు రెండు గండాలు. మొదటిది ప్లాస్టిక్ పొడి. డ్రైవర్‌ను వీలైతే పూర్తిగా తీసి పక్కన పెట్టాలి, వీలుకాకపోతే టేపుతో మూసేయాలి. డ్రైవర్ వెనక ఉండేది బలమైన అయస్కాంతం. ఇనుప రజను ఏ మూలనున్నా లాక్కుంటుంది, పొర మీద చేరిన ఒక్క రేణువు చాలు బేస్ వచ్చినప్పుడల్లా గరగరలాడడానికి. రెండోది తొందర. 3.5 మి.మీ. సాకెట్ మర మెడకు 6 మి.మీ. రంధ్రం కావాలి. నేరుగా 6 మి.మీ. బిట్టు పెడితే ఏబీఎస్ ప్లాస్టిక్ పగిలిపోవచ్చు, లేదా వేడికి కరిగి అంచు గారెలా ఉబ్బుతుంది. 2 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి, తక్కువ వేగంతో మెట్టు మెట్టుగా పెంచాలి. చివరి అర మిల్లీమీటరు గుండ్రటి ఆకురాయితో చేత్తో పెంచుకుంటే ఇంకా మంచిది. పాత వైరు దూరే రంధ్రమే సరిపోతే అంతకన్నా కావలసిందేముంది. సాకెట్ ముఖం కప్పు గోడకు సమంగా ఉండాలి. లోపలికి దిగిపోతే లావుపాటి ప్లగ్గులున్న వైర్లు పూర్తిగా దూరవు.

డ్రైవర్ కాళ్లకు వేడి తగలకుండా పని చేయడం ఇందులో అసలు నేర్పు. వాయిస్ కాయిల్ నుంచి వచ్చే తీగ వెంట్రుక కన్నా సన్నగా ఉండి ఆ కాళ్లకే అతికి ఉంటుంది. అక్కడ ఐరన్ ఎక్కువసేపు పెడితే అది ఊడిపోవచ్చు, ఊడితే మళ్లీ అతికించడం ఇంటి పని కాదు. అందుకే అక్కడున్న పాత తీగలను రెండు అంగుళాలు వదిలి కోసి, ఆ కొసలకే సాకెట్‌ను కలపాలి. కొసల మీది ఎనామిల్‌ను గీరబోతే పోగులు తెగుతాయి. కొసకు ఫ్లక్స్ రాసి, ఐరన్ మొన మీద కరిగిన టంకం బొట్టులో ముంచి పట్టుకోవాలి. ముందు పొగ లేస్తుంది, టంకం అంటుకోనట్టు కనిపిస్తుంది, మూడు నాలుగు సెకన్లకు పూత కాలిపోయి కొస ఒక్కసారిగా వెండిలా తెల్లబడుతుంది. ఆ మెరుపు వచ్చేదాకా అతుకు పెట్టకూడదు. లేకపోతే పైకి అతికినట్టు కనిపించినా కరెంటు పారదు. 60/40 సీసపు టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది గానీ ఎనామిల్ కాలాలంటే మొన 350 డిగ్రీల పైన ఉండాలి. ఇళ్లలో ఉండే 25 వాట్ల ఐరన్ చాలు. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చోకూడదు.

సాకెట్ కాళ్లకు టంకం పూత వేసేటప్పుడు అందులో ఒక పాత ప్లగ్గు గుచ్చి ఉంచాలి. ప్లాస్టిక్ మెత్తబడినా స్పర్శలు పక్కకు జరగవు, వేడి కొంత ప్లగ్గులోకి పోతుంది. హీట్ ష్రింక్ గొట్టాలను అతుకుకు ముందే తీగలకు తొడిగి పెట్టుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. అతికించాక గుర్తుకు రావడం ఈ వృత్తిలో పెద్దలకూ తప్పలేదు.

5 కాళ్ల సాకెట్ తెచ్చుకున్నవాళ్లకు ఒక ఉచ్చు పొంచి ఉంటుంది. ఆ కాళ్లలో రెండు స్విచ్చివి. ప్లగ్గు లేనప్పుడు అవి అసలు కాళ్లతో కలిసే ఉంటాయి, ప్లగ్గు దూరగానే విడిపోతాయి. పొరపాటున తీగలను వాటికి అతికిస్తే ఖాళీ సాకెట్ మీద మీటరు అన్నీ సవ్యంగా చూపిస్తుంది, వైరు గుచ్చిన మరుక్షణం నిశ్శబ్దం. కాబట్టి ఏ కాలు ఏదో ప్లగ్గు గుచ్చి ఉంచే మీటరుతో తేల్చుకోవాలి. 3 కాళ్ల సాకెట్ దొరికితే ఈ గొడవే ఉండదు.

బిగించాక మోనో పాటతో పరీక్షించాలి. గొంతు సరిగ్గా తల నడుమ నిలబడితే రెండు డ్రైవర్లూ ఒకే దిశలో కదులుతున్నట్టు. గొంతు చెదిరిపోయి, బేస్ పల్చబడితే ఒక కప్పులో తీగలు తారుమారయ్యాయి. సాకెట్ చుట్టూ సందు మిగిలితే మూసేయాలి. మూసి ఉండే రకం హెడ్‌ఫోన్‌లో కప్పు లోపలి గాలే బేస్‌ను తీర్చిదిద్దుతుంది, ఆ సందులోంచి గాలి కారితే ఎడమ కుడి చెవుల ధ్వనిలో తేడా వస్తుంది. సాకెట్ నట్టు ఉన్నా లోపలి వైపు కాస్త అరాల్డైట్ పెట్టడం మంచిదే. ఫెవిక్విక్ వద్దు. అది సన్నగా పాకి స్పర్శల మధ్యకు దూరుతుంది, దాని ఆవిరి ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చలు వేస్తుంది.

ధ్వని మారుతుందా

ఈ మార్పుతో ధ్వని మెరుగుపడుతుందని కొందరంటారు, చెడుతుందని ఇంకొందరంటారు. సరిగ్గా చేస్తే మారేది వినపడనంత. శుభ్రమైన సాకెట్ చేర్చే నిరోధం డ్రైవర్ నిరోధం ముందు లెక్కలోకి రాదు. తుప్పు పట్టిన, వదులైన స్పర్శ సంగతి వేరు. ముఖ్యంగా ఉమ్మడి గ్రౌండ్‌లో అర ఓమ్ అదనంగా చేరితే, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో ఒక ఛానల్ ధ్వనిలో సుమారు 1.5 శాతం రెండో చెవిలోకి కారుతుంది. 250 ఓమ్‌ల దానిలో అదే లోపం దాదాపు తెలియదు. రెండు ఛానళ్లకూ విడివిడి గ్రౌండ్ తీగలతో, 4 స్పర్శల సాకెట్ పెట్టుకుంటే ఈ సమస్య మొదలంటా పోతుంది, 4.4 మి.మీ. బ్యాలెన్స్‌డ్ ఆంప్లిఫైయర్లకూ దారి తెరుచుకుంటుంది. అయితే తలపట్టీ గుండా పోయే తీగలు రెండున్నాయో లేదో ముందు చూసుకోవాలి. వెండి పూత వైర్ల గొప్పల మీద డబ్బు తగలేయడం కన్నా మంచి చెవి మెత్తలు కొనుక్కోవడం మేలు.

చేయకూడని చోట్లు

మైకు ఉన్న గేమింగ్ హెడ్‌సెట్‌లో 4 లేదా 5 తీగలుంటాయి, మామూలు స్టీరియో సాకెట్ సరిపోదు. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో వైరు గుండా పోయేది డేటా. బయటి చప్పుడు అణచే రకాల్లో కప్పు నిండా సర్క్యూట్, బ్యాటరీ ఉంటాయి, రంధ్రానికి చోటుండదు. లిథియం బ్యాటరీ పక్కన డ్రిల్లు తిప్పడం తెలివైన పని కాదు. స్టాక్స్ వంటి ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లలో పొర మీద 580 వోల్టుల బయాస్ ఉంటుంది. వాటి వైరు జోలికి అసలు వెళ్లకూడదు.

విడిభాగాలు, వారంటీ

సాకెట్, ప్లగ్గు, ష్రింక్ గొట్టం వంటివి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో చిల్లరగా దొరుకుతాయి. అక్కడ సాకెట్‌ను చేత్తో పట్టుకుని, వెంట తెచ్చుకున్న ప్లగ్గు గుచ్చి, పట్టు చూసి కొనవచ్చు. ఆన్‌లైన్‌లో పది కలిపి ప్యాకెట్‌గా వచ్చే చవక సాకెట్ల స్ప్రింగులు తొందరగా వదులైపోతాయి. మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ అయితే స్విచ్‌క్రాఫ్ట్, రీన్ వంటి పేరున్న కంపెనీలది తీసుకోవాలి.

కప్పుకు రంధ్రం పడితే వారంటీ పోయినట్టే. వారంటీ మిగిలి ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు ఇతర ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే 4 రంగాల కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాల ధరలు, సర్వీస్ సెంటర్ల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. హెడ్‌ఫోన్ వైరు విడిగా అమ్ముతారో లేదో కొనేముందే అడగడం ఇంకా మన దగ్గర అలవాటు కాలేదు.

సాకెట్ అమర్చిన హెడ్‌ఫోన్‌ను సంచిలో పెట్టేటప్పుడు వైరు పీకి పెట్టాలి, లేకపోతే ప్లగ్గు మీటలా పనిచేసి కప్పు గోడనే చీల్చుతుంది. వైరు గుచ్చేటప్పుడు ముందు హెడ్‌ఫోన్ వైపు, తర్వాత ఫోన్ వైపు గుచ్చితే షార్టు గొడవ తగ్గుతుంది. కరకర మొదలైతే ప్లగ్గును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి నాలుగైదు సార్లు తిప్పితే చాలాసార్లు తగ్గిపోతుంది. మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ పెట్టినవాళ్లు ఏ పిన్ను దేనికిచ్చారో చెవి మెత్త కింద మార్కర్‌తో రాసి పెట్టాలి. ఏకేజీ పద్ధతిలో 1 గ్రౌండ్, 2 ఎడమ, 3 కుడి. ఆ వరుసే పాటిస్తే బజారులోని ఏకేజీ వైరు తెచ్చి గుచ్చినా పాట వస్తుంది.